దింపుకొన్న పాటల ఋణము

ఒక సంగీతమును ప్రాణప్రదముగా ప్రేమించువారు నలుగురు ఒకచోట చేరినచో, అందులో ఏది ఉత్తమమను వాదము పుట్టక మానదు. జనగామ ప్రాంతమున తెల్లవార్లు ఒగ్గుకథ విని లేచినవారిలో, మల్లన్న కథ చెప్పుటయందు మాణిక్యాపురము చుక్క సత్తయ్యను మించినవాడు లేడని ఒకరు పట్టుబట్టగా, హనుమాజీపేట మిద్దె రాములును వినక ఆ మాట అనరాదని మరియొకరు ఎదురు పలుకుదురు. అట్టి పంతమే, అంతటి శ్రద్ధతోనే, జనగామలోను మానుకోటలోను రైలెక్కి హైదరాబాదు కళాశాలలకు పోయిన యువకులలో హెవీ మెటల్ సంగీతము వినువారి నడుమ నడచుచుండును.

విద్యుద్గిటారుల ఘోషయు, డ్రమ్ముల ఉద్ధతియు, కంఠము చించుకొని పాడు పాటయు గల ఈ సంగీతమును తొలిసారి విన్న పెద్దలు చెవులు మూసికొనుట సహజమే. కాని అభిమానుల వాదము ఆలకించినచో అది కేవలము రొద కాదని తెలియును. అమెరికా దేశపు మెటాలికా బృందము 1986లో వెలువరించిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ గొప్పదా, 1991లో నల్లని అట్టతో, బృందపు పేరుతోనే వచ్చిన ఆల్బము గొప్పదా యనునది వారిలో ముప్పదియేండ్లుగా తెగని వ్యాజ్యము. మొదటిదానిలో దీర్ఘములైన పాటలు, మాటిమాటికి మారు లయలు, అదే యేట స్వీడనులో బస్సు ప్రమాదమున మరణించిన క్లిఫ్ బర్టన్ బేస్ వాదనము కలవు. రెండవదానిలో పాటలు పొట్టివై, నడక నెమ్మదించి, లోకమంతటను వినబడినవి. నాకు మొదటిదే మిన్న. శ్రోతను తొందరపెట్టక తన వెంట నడిపించుకొనిపోవు రచన యది.

ఈ సంగీతము పుట్టిన విధము బొగ్గుగనుల భూపాలపల్లివారికి దూరదేశపు కథగా తోచదు. 1965లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హాం నగరమున, రేకుల కర్మాగారములో పనిచేయుచుండిన టోనీ ఐయోమీ అను పదునేడేండ్ల యువకుడు, పని మానివేసి సంగీతమునకే పోదలచిన కడపటి దినముననే, యంత్రమున కుడిచేయి చిక్కి నడిమివ్రేలి కొనను, ఉంగరపువ్రేలి కొనను పోగొట్టుకొనెను. ఎడమచేతివాటము వాడగుటచే అతడు తంత్రులను అదిమిపట్టవలసినది ఆ వ్రేళ్లతోనే. ఇక వాయింపజాలనని కృంగియున్న వానియొద్దకు కర్మాగారపు ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినుమని బలవంతపెట్టెను. అది, అగ్నిప్రమాదమున రెండు వ్రేళ్లు చచ్చుబడినను మహావాదకుడైన జాంగో రైన్‌హార్ట్ గిటారు. అటుపై ఐయోమీ ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొని, సన్నని తంత్రులు కట్టి, 1971 నాటికి వాని బిగువు సడలించి శ్రుతిని దింపెను. 1970 ఫిబ్రవరి 13న తొలి ఆల్బము వెలువరించిన అతని బ్లాక్ సాబత్ బృందపు గంభీరనాదము, ఆ గాయపడిన చేతి నుండి వచ్చినదే. సింగరేణి గనిలోనికి దిగివచ్చు మనిషి గల యింట, యంత్రము చేతిని పట్టుకొనుట యనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇచట ఒక విషయము గమనింపదగినది. ఐయోమీని నిలబెట్టిన రికార్డు అతడు కొన్నది కాదు. ఒకరు తెచ్చి వినిపించినది. మెటల్ సంగీతము తదుపరి వ్యాపించినదియు ఈ మార్గముననే. 1982లో మెటాలికా ఏడు పాటలతో చేసిన ‘నో లైఫ్ టిల్ లెదర్’ అను నమూనా క్యాసెట్టును, అభిమానులు ఒకరినుండి యొకరు నకలు తీసి, తపాలాలో దేశదేశములకు పంపుకొనిరి. అంగళ్లలో ఒక్క ఆల్బమైనను లేని బృందము ఆ నకళ్ల వలననే పేరుపొందెను. అట్టి బృందమే, ఇంకను విడుదల కాని తమ పాట యొకటి ఇంటర్నెట్‌లో పాకుచున్నదని తెలిసి, 2000 ఏప్రిల్‌లో ఆ పంపకమునకు వేదికయైన నాప్‌స్టర్ సంస్థపై దావా వేసి, తమ పాటలు పంచుకొనుచున్న 3 లక్షలకు పైబడిన వాడుకరుల పేర్లు చూపి, వారిని తొలగింపవలెనని కోరినపుడు, పాత అభిమానులకు అది పుట్టింటివారే తలుపు వేసినట్లు తోచెను. 2001లో నాప్‌స్టర్ మూతపడినది. వాదము మాత్రము నేటికిని మూతపడలేదు. నా మట్టుకు, తమ పాటను ఎప్పుడు బయటపెట్టవలెనో నిర్ణయించు హక్కు చేసినవారిదే యని తోచును. కాని అభిమానిని దొంగతో సమానముగా చూచుట న్యాయము కాదు.

మన పట్టణములలోను ఈ చరిత్ర గడచినది. కోరిన పాటల పట్టీ వ్రాసి యిచ్చినచో ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి యిచ్చు రికార్డింగ్ సెంటర్లు మొదట వచ్చినవి. సెల్‌ఫోన్లు వచ్చిన తరువాత, కొద్దిపాటి రూకలకు మెమొరీ కార్డు నిండ పాటలు ఎక్కించు మొబైల్ దుకాణములు వచ్చినవి. సినిమా పాటలతోపాటు ఒగ్గుకథలును ఈ త్రోవనే పొలములకు, ఆటోలకు, ట్రాక్టర్లకు చేరినవి. అట్లు ఎక్కించిన పాటను ఫోన్‌లో తెరచి చూచినచో, పాడినవాని పేరుండవలసిన చోట ఆ పాటను ఎత్తి పెట్టిన సైటు పేరుండును. అదియు లేనిచో ‘ట్రాక్ 01’ అని యుండును. ఆ పాటకు రావలసిన రూకలు రాకపోవుటకంటె, పాడినవాడు పేరు లేనివాడగుట నాకు ఘోరముగా తోచుచున్నది. ఎవరు చెప్పిన కథయో తెలియనిచో, ఎవరి కథ మిన్నయను వాదమునకే తావు లేదు గదా!

చట్టము ఈ సంగతిని గుర్తింపకపోలేదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ ప్రదర్శకునికి ప్రత్యేకహక్కు నిచ్చినది. ఆ హక్కు ప్రదర్శన తరువాత 50 ఏండ్లు నిలుచును. మల్లన్న కథ తరతరముల సొత్తు గనుక దానిపై ఎవ్వరికిని కాపీరైటు లేకపోవచ్చును. కాని ఒక రాత్రి ఒక గొంతు దానిని చెప్పిన తీరు ఆ గొంతుదే. 2012 సవరణ, తన ప్రదర్శనకు తన పేరు ఉండవలెనని కోరు హక్కును, దానిని వికృతపరచినచో అడ్డుకొను హక్కును ప్రదర్శకునికి ఒసగినది. దానిని వ్యాపారమునకు వాడినపుడు ప్రతిఫలమునకును అర్హుని చేసినది. స్వంత వినియోగమునకై సముచితమైన మేరకు వాడుకొనుటను చట్టము మన్నించును. తెలిసి హక్కును ఉల్లంఘించినవారికి మాత్రము 6 నెలల నుండి 3 ఏండ్ల వరకు కారాగారవాసము విధింపవచ్చును. లాభాపేక్ష లేనిచోట న్యాయస్థానము శిక్షను తగ్గింపవచ్చును. స్నేహితునికి పాట వినిపించినవాని కొక కొలత, పరుల శ్రమను రూకలకు అమ్ముకొన్నవాని కొక కొలత ఉండుట సమంజసమే.

నేడు పాటలను కొనుటకు త్రోవలు సుగమమైనవి. హైదరాబాదులో పుట్టిన గాడ్‌లెస్ అను డెత్ మెటల్ బృందము 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అను ఆల్బము వెలువరించెను. లక్షల శ్రోతలు లేని అట్టి బృందమునకు ఒక్కొక్క అభిమాని చెల్లించు రొక్కము తదుపరి రికార్డింగునకు ఆధారమగును. అమ్మకమునకున్న దానిని కొనగలిగియు ఉచితముగా దింపుకొనుట తప్పని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

ఒగ్గుకథ క్యాసెట్టుల సంగతి వేరు. చుక్క సత్తయ్య 2017లో కన్నుమూసెను. మిద్దె రాములు అంతకుముందే గతించెను. వారి తరమువారి కథలు గల పాత క్యాసెట్టులలో అనేకము నేడు ఏ దుకాణమునను దొరకవు. ఇండ్లలో, డబ్బాల అడుగున, తేమకు టేపు అతుక్కొని, పైపూత రాలి పాడగుచున్నవి. వానిని కంప్యూటరులోనికి ఎక్కించి భద్రపరచుట ఆలస్యము చేయరాని పని. ఎక్కించువారు అట్టపై నున్నదంతయు ఫొటో తీసి, కథకుని పేరుతోపాటు వంత పాడినవారి, డోలు కొట్టినవారి పేర్లును, ఊరును, తెలిసినచో సంవత్సరమును ఆ ఫైలులోనే వ్రాసియుంచి, వారి కుటుంబమువారు ఆ ఊరిలో నున్నచో ఒక ప్రతిని మొదట వారికే ఇయ్యవలెను.