చోడిపిల్లిలో పిల్లి లేదు

పిల్లలూ,

మొన్న ఏడో తరగతిలో హాజరు వేస్తూ ఒక బాబు పేరు ఇంటిపేరుతో సహా చదివాను. చోడిపిల్లి అనగానే వెనక బెంచీలోంచి 'మ్యావ్' అని వినిపించింది. క్లాసంతా నవ్వింది. మర్నాడు చూస్తే ఆ బాబు నోటుపుస్తకం అట్ట మీద ఇంటిపేరు కొట్టేసి ఉంది. అందుకే ఈసారి వ్యాకరణం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

చోడి అంటే ఉత్తరాంధ్రలో రాగులు. అక్కడ పొద్దున్నే చోడి అంబలి తాగి పనిలోకి వెళ్ళేవారు. ఇక పిల్లి. ఇది మీసాల పిల్లి కాదు, పల్లి. అంటే పల్లె. 'డి'కీ 'ల్లి'కీ మధ్య చిక్కుకున్న 'ప' నోటి వాడుకలో 'పి' అయింది. 'కత్తి'కి 'లు' చేరితే 'కత్తులు' అవుతోంది కదా, పక్క అచ్చు లాగితే మన భాషలో అచ్చులు అలా మారిపోతాయి. అదే ఇంటిపేరును చోడిపల్లి అని రాసుకునేవాళ్ళూ ఉన్నారు. చోళ్ళు పండే పల్లె అని అర్థం చెప్పుకోవచ్చు.

ఇది మనకే కాదు. ఇటలీలో ఫెర్రారి అంటే కమ్మరి. మీరు పోస్టర్లలో చూసే ఎర్ర కారు పేరు అదే! దక్షిణ ఇటలీ యాసలో అదే ఫెర్రారో అయింది. మనకూ కమ్మరి అనే ఇంటిపేరుంది, కారే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఊళ్ళో ఉన్నవాళ్ళను ఆ ఊరి పేరుతో ఎవరైనా పిలుస్తారా? అందరిదీ అదే ఊరాయె. ఊరు విడిచి వేరేచోటికి వెళ్తేనే 'ఫలానా ఊరివాళ్ళు' అంటారు. రెండు తరాలు గడిచేసరికి అదే ఇంటిపేరుగా నిలుస్తుంది. గురజాడ అప్పారావుగారు పుట్టింది విశాఖ జిల్లా రాయవరంలో, బతికింది విజయనగరంలో. గురజాడ మాత్రం ఎక్కడో కృష్ణా జిల్లాలో ఉన్న ఊరు. అంటే ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్న ప్రతి ఇంటికీ వెనక ఒక బదిలీ ఉందన్నమాట. ఆర్డరు కాగితం దొరకదంతే.

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి 13 మంది తమ మాతృభాష తెలుగని చెప్పారు. వారిలో చాలా కుటుంబాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవే. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర కాసేపు నిలబడండి, ఆ యాస చెవిన పడుతుంది. మన బాబు వాళ్ళ నాన్నగారు మాత్రం నౌకాదళం ఉద్యోగం మీద వచ్చారు.

ఇదంతా క్లాసులో చెప్పాక, మ్యావ్ అన్నవాడే లేచి అడిగాడు: "మరి మా ఇంటిపేరు 'గేదెల' సార్, అది ఏ ఊరు?"

అది ఊరు కాదు నాయనా, గేదెలే.