ఇంటెలిజెంట్ కార్యాలయ భవనాలు (హైదరాబాదు)

ఇంటెలిజెంట్ భవనము అనగా శీతలీకరణ, దీపాలు, లిఫ్టులు, అగ్నిమాపక, భద్రతా వ్యవస్థలు విడివిడిగా కాక ఒకే కంప్యూటరు వ్యవస్థతో అనుసంధానింపబడి పనిచేయు కట్టడము. దీనికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. వాడుకలో 'స్మార్ట్ బిల్డింగ్' అనే మాటే ఎక్కువ. హైదరాబాదులో ఇట్టివి ముందుగా పశ్చిమాన మాదాపూరు వైపు వెలసినవి. తూర్పున ఉన్న దిల్‌సుఖ్ నగర్, ఎల్.బి.నగర్‌లు నివాసాలకు, శిక్షణా సంస్థలకు, చిల్లర వర్తకానికి పేరుపొందినవి.

'''చరిత్ర'''

1980లలో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమందు నిర్మించిన సిటీప్లేస్‌ను తొలి ఇంటెలిజెంట్ భవనంగా సాధారణంగా పేర్కొంటారు. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకే భాషలో సమాచారము ఇచ్చిపుచ్చుకొనుటకు 1995లో బ్యాక్‌నెట్ ప్రమాణము వెలువడినది. హైదరాబాదులో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించారు. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సి.ఐ.ఐ.-గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు లీడ్ ప్లాటినం గుర్తింపు పొందినది.

'''పనిచేసే విధానము'''

గదులలోని సెన్సర్లు ఉష్ణోగ్రతను, బొగ్గుపులుసు వాయువును, మనుషుల ఉనికిని గుర్తించి కంట్రోలర్లకు తెలుపుతాయి. ఖాళీ గదిలో దీపాలు ఆరిపోతాయి, చల్లగాలి తగ్గుతుంది. అసలు ప్రయోజనము అగ్నిప్రమాద సమయంలో తెలుస్తుంది. పొగను పసిగట్టిన వెంటనే గాలి యంత్రాలు ఆగి, లిఫ్టులు కింది అంతస్తుకు చేరి, కార్డుతో తెరుచుకొనే తలుపుల తాళాలు వీడి, మెట్ల దారిలోకి పొగ చొరకుండా ఫ్యాన్లు తిరుగుతాయి. ఈ పనులను వరుస తప్పకుండా చేయించుటకే అనుసంధానము అవసరము.

'''పోచారం ప్రయోగము'''

నగరానికి తూర్పున, వరంగల్ రహదారిపై ఉన్న పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో ప్రారంభించిన భవనము ఆసక్తికరమైనది. ఒక సగానికి మామూలు ఎయిర్ కండిషనింగు, రెండవ సగానికి పైకప్పు పలకలలోని గొట్టాలగుండా చల్లని నీటిని పారించే పద్ధతి అమర్చారు. విడివిడి మీటర్లతో పోల్చగా రెండవ సగములో శీతలీకరణకు సుమారు 34 శాతము తక్కువ విద్యుత్తు ఖర్చయినది. కొలతలు లేకున్నచో ఈ తేడా ఊహగానే మిగిలేది.

'''తూర్పు ప్రాంతాల పరిస్థితి'''

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట-ఎల్.బి.నగర్ మెట్రో, 2019 మార్చి 20న హైటెక్ సిటీ మెట్రో మొదలగుటతో ఇక్కడి ఉద్యోగులు అమీర్‌పేటలో రైలు మారి పశ్చిమానికి చేరగలిగారు. అయితే కార్యాలయాలే తూర్పుకు రావాలన్నది 2020 నాటి 'గ్రిడ్' విధానపు ఉద్దేశము. దిల్‌సుఖ్ నగర్ పక్కనే ఉన్న మలక్‌పేటలో 2023 అక్టోబరులో ఐ.టి. టవరుకు శంకుస్థాపన జరిగినది.

పాత వాణిజ్య సముదాయాల చిక్కు వేరు. ఒక్కో దుకాణానికి ఒక్కో యజమాని, ఒక్కో ఏ.సి.; ఉమ్మడి వ్యవస్థకు సొమ్ము ఎవరు పెట్టాలో తేలదు. 2023 మార్చి 16న సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు చెలరేగి, పొగకు ఊపిరాడక ఆరుగురు యువ ఉద్యోగులు మరణించారు. ఇట్టి భవనాలలో అన్నిటినీ ఒకేసారి అనుసంధానించుట కష్టము గనుక, అన్ని అంతస్తులకు ఉమ్మడి పొగ సెన్సర్లు, అలారము ముందు అమర్చి, మెట్ల దారిని ఖాళీగా ఉంచి, విద్యుత్ ఆదా పరికరాలను తరువాత చేర్చవచ్చును.