మాస్కుతో మొదటి పదిహేను రాత్రులు

గురకపెట్టి నిద్రపోయేవారిని చూచి "హాయిగా పడుకున్నాడు" అనుకోవడం మన ఇండ్లలో అలవాటు. గురక ఠక్కున ఆగి, ఊపిరి పది సెకండ్లు, ఇరవై సెకండ్లు నిలిచిపోయి, ఉక్కిరిబిక్కిరై మరల అందుకుంటుంటే అది హాయి కాదు, స్లీప్ ఆప్నియా అను వ్యాధి కావచ్చును. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకొనిపోతుంది. ఇట్టివారు పగలు ఆరాధనలో కునుకుతారు. భక్తి తక్కువై కాదు సుమా! ట్రాక్టరు మీద కునికితే మాత్రం ప్రాణానికే ముప్పు.

దీనికి సీపాప్ యంత్రమును 1981లో లోకానికి తెలిపినది సిడ్నీ వైద్యుడు కోలిన్ సల్లివాన్. తిరుపతి స్విమ్స్‌కో, చిత్తూరుకు దగ్గరనున్న వేలూరు సి.ఎం.సి.కో వెళ్లి, యంత్రం వ్రాయించుకొని వచ్చినవారికి అసలు కష్టం ఇంటి దగ్గరే మొదలవుతుంది. "ఆక్సిజన్ పెట్టారా? ఇక ఆశ లేదా?" అని బంధువులు దిగులుపడతారు. అది ఆక్సిజన్ కాదు. మన గదిలోని గాలినే ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా నిలుపుతుంది, అంతే.

మొదటి రాత్రే తెల్లవార్లూ పెట్టుకోవాలని పంతం పట్టకండి. పగలు మెలకువగా ఉన్నప్పుడు, టీవీ చూస్తూనో పేపరు చదువుతూనో, అరగంట ధరించండి. పట్టీలను కూర్చొని కాదు, పడుకొని, గాలి వస్తుండగా సరిచేసుకోవాలి. గాలి కారుతుందని బిగించేకొద్దీ ముక్కుమీద పుండు పడుతుంది, కారడం ఆగదు. ముఖానికి నూనె రాసుకొని పడుకుంటే మాస్కు జారుతుంది. దానిమీది చిన్న రంధ్రాలకు గుడ్డ అడ్డుపెట్టరాదు. విడిచిన గాలి పోయేది వాటిగుండానే. నోరు ఎండిపోతుంటే డాక్టరుతో చెప్పండి. నోటిని కూడా కప్పే మాస్కులున్నాయి. భార్య గాని భర్త గాని ఆ పదిహేను రాత్రులు ఓర్పుగా తోడుంటే సగం పని అయినట్లే. లేనివారి యంత్రం బీరువా ఎక్కుతుంది.

తేమ తొట్టిలో మన బోరు నీళ్లు పోస్తే తెల్లని ఉప్పు పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరే వాడి, ఉదయమే పారబోయాలి. మాస్కును రోజూ తడిగుడ్డతో తుడిచి, వారానికొకసారి సబ్బునీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి.

కరెంటు పోతే మాస్కు తీసివేసి, ప్రక్కకు తిరిగి పడుకోండి. ఇన్వర్టరు ఉన్నవారు యంత్రాన్ని దానికి కలుపవచ్చునేమో ముందుగానే ఎలక్ట్రీషియన్‌ను అడిగి ఉంచుకోవాలి.