అడవిమృగముల ఛాయాచిత్రములు – సత్యాసత్య నిర్ణయము

ఛాయాచిత్రము మాటాడని సాక్షి. తన యెదుట నిలిచిన దానిని అది చూపును గాని, అంతకు ముందేమి జరిగెనో, పిదప నేమి జరిగెనో చెప్పజాలదు. 1902వ సంవత్సరమున వైస్రాయి కర్జను ప్రభువు మన వరంగల్లు జిల్లాలోని నెక్కొండ యొద్ద విడిదిచేసి వేటాడెను. మొదటినాటి వేటలో చిక్కిన పులితో ఆయన యుండగా రాజా దీనదయాళు తీసిన పటము నేటికిని నిలిచియున్నది. ఆ పులి నిజము. ఆ ప్రభువును నిజము. కాని ఆ పులి యెట్లు పడెనో పటమునుబట్టి యెవరును చెప్పలేరు. సత్యమైన చిత్రమునకే యిట్టి పరిమితి యుండగా, కల్పితములను గూర్చి మనమెంత జాగరూకులమై యుండవలెను!

ఈ కల్పితములు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది, చిత్రము నిజమై, దానికి చెప్పిన కథ అసత్యమగుట. వేఱొక రాష్ట్రపు అడవిలో తీసిన పులి పటమును “నిన్న రాత్రి మా ఊరి చెఱువుగట్టున” అని పంపుట యిట్టిది.

రెండవది, కెమేరా నిజమై, మృగము అసత్యమగుట. 2007లో చైనా దేశమున నొక రైతు అడవిలో పులిని చూచితినని పటములు తెచ్చెను. అచటి అటవీశాఖవారు నమ్మి ఆ వార్తను లోకమునకు చాటిరి. అయితే పటములన్నిటిలోను ఆ పులి ఒకే భంగిమలో నుండెను. దాని చారలు నూతన సంవత్సరపు గోడపటములోని పులి చారలతో సరిపోయెను. అది కాగితపు పులియని 2008లో ప్రభుత్వమే ప్రకటించెను.

మూడవది, వేర్వేఱు చిత్రములను కంప్యూటరుతో అతుకుట, లేక కృత్రిమ మేధచే లేని దృశ్యమును పుట్టించుట. హెలికాప్టరునుండి వ్రేలాడు మనుష్యునిపైకి సొరచేప యెగురు పటమొకటి 2001 ప్రాంతమున లోకమంతట వ్యాపించెను. హెలికాప్టరు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో వంతెన యొద్దది; సొరచేప దక్షిణాఫ్రికా సముద్రములోనిది.

నిర్ణయించుట యెట్లు? మొదట మూలమును విచారింపవలెను. ఎవరు తీసిరి? ఎచట? ఏనాడు? అసలు ప్రతి యేది? దానికి ముందు వెనుకల తీసిన పటములేవి? నిజముగా తీసినవారు వీనికి సాధారణముగా జవాబు చెప్పగలరు; “ఎవరో పంపిరి” యనుట జవాబు కాదు.

పిమ్మట ప్రకృతిశాస్త్రము నడుగవలెను. మన తెలంగాణపు అడవులలో పులి, చిఱుతపులి, ఎలుగుబంటి గలవు, సింహము లేదు. ఏ రెండు పులుల చారలును ఒక్కరీతిగా నుండవు. కవ్వాలు, అమ్రాబాదు అడవులలో అటవీశాఖవారు కెమేరాల నమర్చి, చారలనుబట్టియే యొక్కొక్క పులిని గుర్తించుచున్నారు. పులి యడుగుజాడలో నాలుగు వ్రేళ్ల గుర్తులుండును. గోళ్ల గుర్తులు సాధారణముగా పడవు.

కడపట వెలుగు నీడలను చూడవలెను. నీడలన్నియు ఒక దిక్కుననే పడుచున్నవా? పాదములు నేలను తాకుచున్నవా? వెండ్రుకల అంచులు సహజముగా నున్నవా? అయితే కృత్రిమ మేధ చేయు పొరపాట్లు నానాటికి తగ్గుచున్నవి. కావున కంటిపరీక్షకంటె మూలవిచారణమే బలమైనది.

మన రాష్ట్రముననే జరిగిన యొక సంగతి వినుడు. 2025 మార్చి నెలాఖరున హైదరాబాదు విశ్వవిద్యాలయము చెంత, కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల భూమిలో యంత్రములతో చెట్లను తొలగింపసాగిరి. అప్పుడు జింకలు, నెమళ్లు భయపడి పరుగెత్తుచున్నట్లు పటములు వ్యాపించెను. వానిలో కొన్ని కృత్రిమ మేధచే చేయబడినవి. ప్రభుత్వమువారు వానిని చూపి, జరుగుచున్నది తప్పుడు ప్రచారమనిరి. కాని ఏప్రిల్ 3వ తేదీన సుప్రీముకోర్టు ఆజ్ఞపై ఆ స్థలమును చూచిన హైకోర్టు అధికారి, దాదాపు 100 ఎకరములలో చెట్లు నాశనమైనవనియు, అచట నెమళ్లు, జింకలు, పక్షులు కనబడినవనియు నివేదించెను. జింకలు నిజమే, చెట్లు పడుటయు నిజమే. మేలు కోరి చేసినను, కల్పిత చిత్రము ఆ నిజమును శంకింపజేసెను. అబద్ధసాక్షి తాను నిలిచిన పక్షమునకే చేటు తెచ్చును.

కావున చిత్రము అసత్యమని తేలినంతమాత్రమున సంగతి అసత్యము కాదు. సంగతి సత్యమైనంతమాత్రమున చిత్రమును సత్యము కాదు. రెంటిని వేర్వేఱుగా విచారింపవలెను.

విద్యార్థులారా, ఇది వట్టి వినోదము కాదు. పాకాల, ఏటూరునాగారము అడవుల చెంత పశువులను మేపుకొనువారును, ప్రత్తిచేలలో పనిచేయు కూలివారును గలరు. పులి వచ్చెనని యొక దొంగపటము వ్యాపించిన, వారి యొకనాటి కూలి పోవును. రెండు మూడు మారులు మోసపోయిన పిమ్మట నిజమైన పులి వచ్చినను ఎవరును నమ్మరు. అప్పుడు పోవునది కూలి కాదు, ప్రాణము. అట్టి పటము మీ యింటి సెల్‌ఫోనునకు వచ్చినయెడల పదిమందికి పంపకుడు, మూలము నడుగుడు, సంగతి నిజమై యుండవచ్చునని తోచిన అటవీశాఖవారికి తెలుపుడు. తలిదండ్రులును ఈ నియమమును పాటించిన పిల్లలకు వేఱుగా బోధింప నక్కఱలేదు.