పంటికొక సంఖ్య

విశాఖసీమయందలి చోడవరమున స్వయంభూ విఘ్నేశ్వరుని దర్శించి, ఏకదంతుడవని స్తుతించి వెలుపలికి వచ్చిన భక్తుని, వినాయకునికి లోపించిన దంతము కుడివైపుదా, ఎడమవైపుదా యని ఎవరైన అడిగినచో, అతడు సమాధానము చెప్పుటకు ముందు, కుడి యనగా స్వామి కుడియా, ఎదుట నిలిచిన మన కుడియా యని తిరిగి అడుగవలసి వచ్చును. దంతవైద్యశాలలో ఈ సందేహమునకు తావుండరాదు. అచ్చట ప్రక్క తారుమారైనచో ఊడివచ్చునది నిక్షేపముగ నున్న పన్ను. పెద్దవారికి అది మరల మొలవదు. కావున కుడి యనిన రోగి కుడియే యను నియమమును దంతవైద్యులు ఎల్లెడల పాటించుచున్నారు.

రోగి చెంపపై వ్రేలుంచి చూపిన గుర్తు చాలదా యనిన, చాలదు. పంటి లోపలి నరము వాచినపుడు పుట్టు బాధ ఒక్కచోట నిలువక వ్యాపించుటచేత, క్రింది పన్ను చెడినవాడు పైపన్ను చూపుటయు కలదు. వైద్యుడు పరీక్షించి దోషమున్న పంటిని నిర్ణయించిన పిదప, ఆ నిర్ణయము ఎక్స్‌రే తీయువానికిని, పన్ను తీయు మరియొక వైద్యునికిని, ఏండ్ల తరువాత చూడబోవు వేరొకనికిని చెక్కుచెదరక చేరవలయును.

నోటిని నడుమ నిలువుగ విభజించి, పై దవడను క్రింది దవడను వేరు చేసినచో నాలుగు భాగము లేర్పడును. ఒక్కొక్క భాగమున రెండు కుంతకములు, ఒక రదనిక, రెండు అగ్రచర్వణకములు, మూడు చర్వణకములు, వెరసి ఎనిమిది. రదనికయే మనము కోరపన్ను అనునది. చిట్టచివరి చర్వణకమే జ్ఞానదంతము. 1861లో వియన్నా నగర వైద్యుడు అడాల్ఫ్ జిగ్మండీ ఈ విభజననే ఆధారము చేసికొని, నడిమి గీతనుండి వెనుకకు ఒకటి మొదలు ఎనిమిది వరకు అంకెలు వేసి, ఏ భాగమో తెలియుటకు అంకె ప్రక్కన మూలగీత గీయు పద్ధతిని ప్రకటించెను. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున పామర్ అను దంతవైద్యుడు 1870లో ఇట్టి పద్ధతినే ప్రచారము చేసెను. చేతివ్రాతకు అది సుందరమైన పద్ధతియే గాని, ఆ మూలగీతను టైపు మిషను కొట్టలేదు, టెలిఫోనులో నోటితో పలుకుటయు కష్టమే.

ఈ చిక్కును తీర్చుటకు గీతకు బదులుగ అంకెనే నిలిపిరి. 1970లో బుకారెస్టున సమావేశమైన అంతర్జాతీయ దంతవైద్య సమాఖ్య అంగీకరించిన ఈ రెండంకెల పద్ధతియే నేడు మన దేశపు దంతవైద్య కళాశాలలలో నేర్పబడుచున్నది. ఇందు మొదటి అంకె వీధి, రెండవది ఇంటి సంఖ్య. పై కుడి 1, పై ఎడమ 2, క్రింది ఎడమ 3, క్రింది కుడి 4. క్రింది కుడివైపున ఆరవ పన్ను 46. దీనిని నలుబది యారు అని గాక, నాలుగు, ఆరు అని విడదీసి పలుకుదురు. ఇరువది పాలపండ్లకు ఇదే క్రమమున 5 నుండి 8 వరకు భాగసంఖ్యలును, భాగమునకు ఐదేసి పండ్లును కలవు.

ఈ 46ను గూర్చి తల్లిదండ్రులకు ప్రత్యేకముగ చెప్పవలసి యున్నది. ఆరేండ్ల ప్రాయమున ఏ పాలపన్నును ఊడకయే, చివరి పాలపన్నైన 85కు వెనుక నిది మొలచును. పన్ను రాలినగాని క్రొత్తది రాదని తలచువారు దీనినికూడ పాలపన్నుగ భ్రమించి, పుచ్చినను ఊడిపోవునదేకదా యని ఉపేక్షింతురు. కాని పదునొకండు, పండ్రెండేండ్లకు రాలి 45కు చోటిచ్చునది 85 మాత్రమే. 46 జీవితాంత ముండవలసినది. ఇట్లే 16, 26, 36 అను పండ్లును. చెరకు పండించు ఈ చోడవర ప్రాంతమున, గడలు నమలి బెల్లము చప్పరించు పసివారి నోళ్లలో ఈ నాలుగింటిని వెదకి కాపాడుట యెంతయు అవసరము.

అమెరికా దంతవైద్య సంఘము మాత్రము 1968లో వేరొక పద్ధతిని స్వీకరించెను. అందు పై కుడి జ్ఞానదంతము 1. అచ్చటినుండి వరుసగ పై ఎడమ కొసకు 16, అటనే క్రిందికి దిగి 17, తుదకు క్రింది కుడి జ్ఞానదంతము 32. వారి 14 పై ఎడమ మొదటి చర్వణకము. అది మనకు 26. మన 14 పై కుడి మొదటి అగ్రచర్వణకము. ఎత్తుపండ్లను సరిచేయుటకు చోటు చాలనపుడు వైద్యులు తరచుగ తీయించు పండ్లలో నిదియు నొకటి. అమెరికాలో స్థిరపడిన బంధువులు అచ్చటి చీటీతో చికిత్స కొరకు చోడవరము వచ్చునపుడు, 14 అను సంఖ్యతో పాటు “పై దవడ, ఎడమ, మొదటి చర్వణకము” అని పేరునుకూడ వ్రాయించుకొని, ఎక్స్‌రేను వెంట తెచ్చుకొనవలెను.