నీళ్ల జాడనే నడిచిన దారి

నల్లమలలో ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి పాత కాలిబాట

ఒక్కరోజులో నడిచి తిరిగి రాగలిగే కొండదారులు, అడవిదారులు పది ఏరి రాయమని ఎడిటర్ గారు చెప్పారు. శుక్రవారం సాయంత్రానికి కాపీ డెస్కుకు చేరాలి. పేర్లన్నీ కాగితం మీద పెట్టాను. అందులో ఒక దారి గురించి చూద్దామని పాత పుస్తకం తెరిచాక, మిగతావాటిలో కొన్నింటికి చివర్లో బాక్సు చాలనిపించింది. పది దారుల గురించి పైపైన చెప్పేకంటే ఈ ఒక్కదాన్ని దగ్గరగా చూడటమే పాఠకులకు మేలని నా నమ్మకం.

ఆ పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో బయల్దేరి, 1831 సెప్టెంబరులో మళ్లీ ఇల్లు చేరారు. దారి పొడుగునా రాసుకున్న ఆ విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపు శ్రీనివాస పిళ్లె 1838లో అచ్చు వేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని పరిష్కరించి మళ్లీ వెలుగులోకి తెచ్చారు. తెలుగు యాత్రా రచనకు అదే మొదలని చదువుకున్నాం. నాకు మాత్రం ఆ పుస్తకం మీద మమకారం వేరే కారణంగా కలిగింది. ఏ మజిలీలో దిగినా ఆయన చూపు ముందు నిత్యావసరాల మీదే పడుతుంది. ఊరు పెద్దదా చిన్నదా, బజారులో ఏం దొరుకుతాయి, దారి రాతి నేలా ఇసుక నేలా, నీళ్లకు వసతి ఉందా లేదా. గుడీ గోపురం సంగతి ఎంత శ్రద్ధగా రాస్తారో, నీళ్ల సంగతీ అంతే శ్రద్ధగా రాస్తారు. వెంట ఉన్నవాళ్లందరి దాహం ఆయన పూచీ మరి.

1830 జూన్‌లో ఆయన ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లారు. దారిలో ఆయన చెప్పిన మజిలీలు నాగలూటి, పెద్దచెరువు, భీముని కొల్లం. ఈ ఏడాది శివరాత్రికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం వద్ద అడవిలో అడుగుపెట్టిన భక్తుణ్ణి అడగండి. నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను అంటాడు. దాదాపు రెండు వందల ఏళ్లయినా మజిలీలు అవే. ఈలోగా నవాబులు పోయారు, కుంఫిణీ పోయింది, దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డు పడి బస్సులు నేరుగా గుడి దగ్గరికే వస్తున్నాయి. కాలిబాట మాత్రం మజిలీ మార్చుకోలేదు.

ఎందుకు మార్చుకోలేదో మ్యాపు ముందేసుకుంటే తెలుస్తుంది. నాగలూటిలో వీరభద్రుడి గుడి, కోనేరు. పెచ్చెరువులో అడవి నడుమ చెరువు. భీమునికొలనులో లోయ అడుగున రాళ్ల మధ్య నీళ్లు. నల్లమల చాలావరకు గట్టి రాతి కొండ. మట్టి పొర పలచన. కురిసిన వాన సగం వాగులై దిగిపోతుంది, మిగతాది బండల చీలికల్లో ఇంకి ఎక్కడో లోతట్టున ఊటగా బయటపడుతుంది. పైన బయల్లో మైళ్లు నడిచినా చుక్క దొరకదు. అందుకే ఈ దారి దగ్గరి దూరం చూసుకోలేదు, అందమైన చోటూ చూసుకోలేదు. ఒక నీటి పట్టు నుంచి ఇంకో నీటి పట్టుకు సాగింది. దాన్ని ఎంచినవాళ్లు అడవిని ఎండాకాలంలో ఎరిగినవాళ్లు. చెంచులు చూపిన దారినే తర్వాతి రాజులు రాళ్లు పరిచి మెట్లు చేసి ఉంటారని నా ఊహ.

మోకాలెత్తు మెట్లు

మొత్తం బాట నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అది ఒక్కరోజు నడక కాదు. ఒక్కరోజులో చూడగలిగింది శ్రీశైలం వైపు చివరి ముక్క. కైలాసద్వారం దగ్గర మొదలుపెట్టి భీమునికొలనుకు దిగి, మళ్లీ ఎక్కి రావడం. ఈ కథనంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ ముక్క గురించే.

కైలాసద్వారం రాతి ద్వారం. అటు నుంచి లోయను ఎక్కి వచ్చినవాడికి, కొండ మీదికి చేరానని ధైర్యం చెప్పేది అదే. మనం ఇటు నుంచి దిగుతాం. మెట్టుకూ మెట్టుకూ పొంతన ఉండదు. ఒకటి జానెడు, దాని పక్కది మోకాలెత్తు, ఆ తర్వాత ఒకే బండ రెండు బారల వెడల్పున. కాళ్లు పడీ పడీ నడిమి భాగం నున్నగా అరిగింది. అంచులు మాత్రం ఇంకా గరుకు. దిగేటప్పుడు నడుమ కాలు వేస్తే జారుతుంది, అంచున వేస్తే పట్టు దొరుకుతుంది. నాలుగు మలుపులు తిరిగేసరికి పాదం దానంతటదే అంచును వెతుక్కుంటుంది.

మాఘ ఫాల్గుణాల్లో వెళితే చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. చిరుమాను, ఏగిస, నల్లమద్ది అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. తపసి ఒక్కటే వేరుగా కనిపిస్తుంది. బెరడు పొరలు పొరలుగా లేచి, కింద తెల్లటి మాను నున్నగా మెరుస్తుంది. చెంచులు బంక తీసేది దీని నుంచే. కాండం మీద పాత గాట్లు కనిపిస్తే ఆగి చూడండి. గాటు లోతుగా పడితే చెట్టు చచ్చిపోతుంది, పైపైన పడితే మళ్లీ మానుకుంటుంది. తేడా తెలిసిన చేతికీ తెలియని చేతికీ మధ్య ఒక చెట్టు ప్రాణం ఉంది.

అడుగుకు వెళ్లేసరికి గాలి మారుతుంది. శివరాత్రి నాటికి పారే నీరు సన్నబడినా రాతి గుండాల్లో నీళ్లు ఉంటాయి, అంచుల్లో పచ్చదనం ఉంటుంది. అక్కడ కూర్చున్నప్పుడు ఒక లెక్క మరిచిపోకూడదు. మామూలు కొండ ఎక్కితే కష్టం ముందు, సుఖం తర్వాత. ఇక్కడ తలకిందులు. దిగుడు పొద్దున చల్లగా అయిపోతుంది, ఎక్కుడు మిట్టమధ్యాహ్నం మీద పడుతుంది. అప్పటికి బండలు పెనంలా కాలి ఉంటాయి. తెల్లారగానే దిగి, తొమ్మిదిలోపు ఎక్కడం మొదలుపెట్టినవాళ్లు హాయిగా వస్తారు.

చరిత్ర క్లుప్తంగా

పన్నెండో శతాబ్దంలో అక్కమహాదేవి కన్నడ దేశం నుంచి శ్రీశైలం చేరి కదళీవనంలో శివైక్యం చెందిందని వీరశైవుల విశ్వాసం. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో పర్వత ప్రకరణమని ఒక భాగమే శ్రీశైలానికి కేటాయించాడు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. కృష్ణదేవరాయలు వచ్చాడు, 1677లో శివాజీ వచ్చాడు. ఇంతమంది పేర్లు శాసనాల్లోనో పుస్తకాల్లోనో నిలిచాయి. మెట్ల రాళ్లు మోసినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా కనిపించవు.

అల్లుడి ఇంటికి

ఈ బాటను ఇవాళ బతికిస్తున్నది ఎక్కువగా కన్నడ భక్తులు. ఉగాదికి ఉత్తర కర్ణాటక నుంచి రోజుల తరబడి నడిచి వస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడబిడ్డ, మల్లయ్య అల్లుడు. పుట్టింటివాళ్లం కదా అని అమ్మవారికి చీర, సారె తెస్తారు. కొందరు కర్రకాళ్లు కట్టుకుని మరీ నడుస్తారు. మామూలు పాదానికే పరీక్ష పెట్టే ఈ నేల మీద ఆ నడక చూస్తే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

నన్ను కలవరపెట్టే సంగతి ఒకటుంది. నీళ్ల కోసం పుట్టిన దారిలో ఇప్పుడు నీళ్ల సీసాలే పెద్ద చెత్త. సీసా చేతిలో ఉన్నవాడికి కోనేరు అక్కర్లేదు, కొలను అక్కర్లేదు. అక్కర్లేని దాన్ని ఎవరూ శుభ్రంగా ఉంచరు. ఈ అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. మనం పారేసిన కవర్లో ఉప్పో తీపో మిగిలితే దుప్పి దాన్ని కవరుతో సహా మింగుతుంది. అటవీశాఖ ప్లాస్టిక్‌ను నిషేధించింది. నిషేధం ఒక్కటే చాలదు. ఉత్సవాల రోజుల్లో ప్రతి మజిలీలో తాగునీటి ట్యాంకు పెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు చెంబులో, బాటిల్లో నింపుకునే వీలు కల్పించాలి. పాత దారి పద్ధతీ అదే కదా. మెట్లకు సిమెంటు పూసి రెయిలింగులు పెట్టాలనే ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదని గట్టిగా కోరుకుంటున్నాను.

శివరాత్రి, ఉగాది రోజుల్లోనే ఈ బాటను భక్తులకు తెరుస్తారు. మిగతా రోజుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా దిగకండి. తెలిసిన మనిషి తోడు లేకుండా అసలే వద్దు.

బాక్సు: మరికొన్ని ఒక్కరోజు దారులు

శ్రీవారి మెట్టు: శ్రీనివాస మంగాపురం వైపు నుంచి తిరుమలకు 2,388 మెట్లు. అలిపిరి దారిలో 3,550. తక్కువ కదా అని తొందరపడొద్దు, ఇది నిటారు. చిరుతల కారణంగా పిల్లలకు సమయ నియమాలు ఉంటాయి, ముందే కనుక్కోండి.

ఎగువ అహోబిలం: భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహుడి దాకా వెళ్లడం చాలామందికి చాలు. ఉగ్రస్తంభం ఎక్కాలంటే మోకాళ్లు గట్టిగా ఉండాలి, వాన పడ్డ రోజు వద్దే వద్దు.

తలకోన: సుమారు 270 అడుగుల జలపాతం. వానలు వెనకబట్టాక వెళితే నీరూ ఉంటుంది, బాటా ఉంటుంది. కింద గుండం లోతును తక్కువ అంచనా వేయకండి.

సలేశ్వరం: అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే దారి ఇస్తారు. లోయలోకి ఇరుకు బాట, విపరీతమైన రద్దీ. పసిపిల్లలతో వద్దు. ఎండ ముదరకముందే పైకి వచ్చేయండి.