పూటకూళ్లవాని బాకీ ఎవరు తీర్చాలి?

యెరికో దారిలో దొంగల చేత చిక్కి, కొనప్రాణంతో పడి ఉన్న మనిషి కథ మనకు సండేస్కూలు రోజుల నుంచీ తెలుసు. యాజకుడు చూసి పక్కగా వెళ్లిపోయాడు. లేవీయుడూ అంతే చేశాడు. సమరయుడు మాత్రం ఆగి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకున్నాడు. మన ప్రసంగాలు చాలావరకు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ ప్రభువు చెప్పిన కథ ఇక్కడ ఆగలేదు. మర్నాడు ఆ సమరయుడు పూటకూళ్లవాని చేతిలో రెండు దేనారాలు పెట్టాడు. అంతకు మించి ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తానే ఇస్తానని మాట ఇచ్చాడు (లూకా 10:35). అంటే ఆ కథ వైద్యం బిల్లుతో ముగుస్తుంది! గాయం కట్టడం ఎంత ప్రేమో, బాకీ తీర్చడమూ అంతే ప్రేమ అని ప్రభువు చెప్పకనే చెప్పారు.

2025 అక్టోబరులో ఈ వచనం మమ్మల్ని వదలలేదు. ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో కూలిపని చేసుకునే విశ్వాసి కుమారుడు రాత్రివేళ మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. దగ్గరలో కనిపించిన ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇప్పుడు కార్డు మీద చేర్చుకోవడం లేదు, డబ్బు కట్టాలి అన్నారు. రెండు బర్రెలు అమ్మారు. మిగిలింది మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. మేము నలుగురం పరామర్శకు వెళ్లి ప్రార్థన చేసి లేస్తుంటే ఆ తల్లి మెల్లగా అడిగింది: "అయ్యగారూ, ప్రార్థన చేసినారు, సంతోషం. బిల్లు సంగతి ఎవురితో చెప్పుకోవాల?" మా దగ్గర జవాబు లేదు. వచ్చిన దారినే తలలు దించుకుని తిరిగి వచ్చాం.

ఆ కార్డు ఆ నెలలో ఎందుకు పనిచేయలేదు? మన రాష్ట్రంలో పేదల వైద్యానికి 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2014 తర్వాత అది ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. మొదట కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయలుగా ఉన్న పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు. పేర్లు మారాయి, అంకెలు పెరిగాయి. అయితే వైద్యం చేసిన ఆసుపత్రులకు ప్రభుత్వం చెల్లించవలసిన సొమ్ము పేరుకుపోయింది. బకాయిలు తీరలేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు 2024 మే నెలలోనూ, 2025 అక్టోబరులోనూ సేవలు ఆపాయి. పూటకూళ్లవానికి దేనారాలు అందకపోతే రెండోసారి వచ్చిన గాయపడినవానికి తలుపు తెరుచుకోదు. తప్పు ఎవరిదైనా నొప్పి మాత్రం మంచం మీద ఉన్నవానిదే.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం మరో విధానానికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీల ద్వారా, ఆ పైన 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా వైద్యం అందించాలని నిర్ణయించింది. బీమా మేలా, ట్రస్టు మేలా అన్న చర్చ పెద్దల మధ్య సాగుతోంది. మన సంఘాల్లో మాత్రం అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్న ఒకటి ఉంది. అసలు విశ్వాసికి బీమా తగునా?

"దేవుడే మాకు బీమా" అనే మాట మనం తరచూ వింటాం. మాట భక్తిగానే ఉంది. కానీ యోసేపును చూడండి. ఏడు సమృద్ధి సంవత్సరాల్లో పంటలో అయిదో భాగం తీసి నిలవ చేయించమని ఆయన ఫరోకు ఆలోచన చెప్పాడు (ఆదికాండము 41:34). ఇష్టమైనవారే ఇవ్వండి అనలేదు, దేశమంతటా తీశారు. కరువు వస్తుందని దేవుడే తెలియజేశాడు, దాచమన్న జ్ఞానమూ దేవుడే ఇచ్చాడు. ముందుచూపు అవిశ్వాసం కాదు. అయితే అదే గ్రంథం 47వ అధ్యాయంలో ఆ ధాన్యం కోసం జనం పశువులనూ పొలాలనూ అప్పగించిన సంగతి కూడా ఉంది. కొట్లు నిండి ఉన్నంత మాత్రాన బీదవాని బర్రె మిగులుతుందన్న హామీ లేదు. ఏ పథకానికైనా ఇదే పరీక్ష.

మరి అందరూ తప్పనిసరిగా బీమా కట్టాలని చట్టం చేయవచ్చా? జర్మనీ 1883లోనే కార్మికులకు అలాంటి చట్టం చేసింది. అమెరికాలో 2010లో చేసిన చట్టం మీద పెద్ద తగవే నడిచింది. 2012లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బీమా లేనివారికి వేసే జరిమానాను మాత్రం 2019 నుంచి సున్నా చేశారు. మన దేశానికీ ఇది కొత్త కాదు. 1948 నాటి ఈఎస్ఐ చట్టం కింద 2025లో నెలకు 21 వేల రూపాయల వరకు జీతం ఉన్న ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కట్టేవారు. కానీ శనగచేలో కూలికి పోయే అక్కకు, ఆళ్లగడ్డలో రాయి చెక్కే శిల్పికి, పల్లెలో సంఘం నడిపే కాపరికి ఆ నీడ లేదు.

గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో ఒకరి భారాన్ని ఒకరు మోయాలని రెండో వచనం చెబుతుంది, ఎవరి బరువు వారే మోసుకోవాలని అయిదో వచనం చెబుతుంది. రెండింటికీ వైరం లేదు. రోజువారీ మూట ఎవరిది వారిదే. నడుము విరిచే బండ మీద పడినప్పుడు మాత్రం పదిమంది చేతులు కావాలి. కట్టగలిగినవాడు తన వంతు కట్టాలి, కట్టలేనివాని వంతు ప్రభుత్వమూ పొరుగువారూ కట్టాలి. మాకు న్యాయంగా తోచింది ఇదే.

ప్రభుత్వం చేసేవరకు సంఘం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. నూరు కుటుంబాల సంఘంలో ఇంటికి వారానికి 20 రూపాయలు ఆరోగ్య నిధికి తీస్తే ఏడాదికి 1,04,000 రూపాయలు అవుతుంది. బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు, ఏటా సంఘం ముందు లెక్క తప్పక ఉండాలి. యువకులు ఇంటింటికీ వెళ్లి కార్డుల్లో పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూడవచ్చు. 104కు ఫోన్ చేసి ఏ ఆసుపత్రికి వెళ్లాలో కనుక్కోవడం, ఆసుపత్రిలో వైద్యమిత్రను కలవడం నేర్పవచ్చు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, ఆ పైన కర్నూలు పెద్దాసుపత్రి ఉంది. కంగారులో ఎటు వెళ్లాలో తెలియకనే మనవారు ఎక్కువగా అప్పులపాలవుతున్నారు. అత్యవసరంలో ఏ వైద్యుడూ ప్రాణం కాపాడే చికిత్స నిరాకరించరాదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పిందని కూడా వారికి తెలియజేయాలి.

ఎలీషా దగ్గరకు అప్పులవాడి భయంతో వచ్చిన విధవరాలు గుర్తుందా? ప్రవక్త ఆమె ఇంట్లో ఏముందో అడిగాడు, ఇరుగుపొరుగుల పాత్రలు తెమ్మన్నాడు, నూనె అమ్మి అప్పు తీర్చి మిగిలినదానితో బతకమన్నాడు (2 రాజులు 4:1-7). అద్భుతం దేవుడు చేశాడు. పాత్రలు మాత్రం పొరుగువారు ఇచ్చారు.

ఆ తల్లి కోసం మా సంఘం ప్రత్యేక కానుక పట్టింది. అప్పంతా తీరలేదు, వడ్డీ బరువు మాత్రం కొంత తగ్గింది. ఆ కుటుంబం సిగ్గుతో మానేసిన ఆరాధనకు మళ్లీ వస్తోంది. ప్రియ చదువరీ, వచ్చే ఆదివారం రోగుల కోసం ప్రార్థన మనవులు చదివినప్పుడు మోకరించండి. లేచిన తర్వాత ఆ ఇంటివారిని పక్కకు పిలిచి, బిల్లు ఎంత అయిందమ్మా అని కూడా అడగండి. ప్రభువు ఆ పాత్రను మీ ఇంటి నుంచే కోరుతున్నారేమో!